వినబడని వాళ్ళ పట్ల మర్యాద

వైఫైకి ఒక మర్యాద నేర్పారు: మాట్లాడబోయే ముందు విను, ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగు. గాలి అందరిదీ కదా. 1971లో హవాయిలో మొదలైన అలోహానెట్‌కి ఈ మాత్రం ఓపిక కూడా లేదు. తోచినప్పుడు పంపేయడం, ఢీకొంటే కాసేపాగి మళ్ళీ పంపడం. అలా ఎంత బాగా నడిచినా ఛానెల్లో పనికొచ్చేది 18 శాతమే.

మరి వినడం ఒక్కటే సరిపోతుందా? తిరుపతిలో మేముండే హాస్టల్ని లాప్‌టాప్‌లో కడుతున్నప్పుడు ఈ ప్రశ్న పట్టుకుంది. పొడుగాటి వరండా, మధ్యలో ఒక్క రౌటరు. లినక్స్‌లో హెచ్‌డబ్ల్యూసిమ్ అనే డ్రైవరు ఉత్తుత్తి వైఫై రేడియోలు ఇస్తుంది. దాని లోకం మరీ అమాయకం: ఒకే ఛానెల్లో ఉంటే చాలు, అందరి మాటా అందరికీ వినబడుతుంది. గోడల్లేవు, దూరాల్లేవు. నిజంలా ఉండాలంటే డబ్ల్యూమీడియమ్‌డి అనే ప్రోగ్రాం తోడు పెట్టి, ఎవరి మాట ఎవరికి ఎంత వినబడుతుందో ఒక్కో జతకీ అంకె వేయాలి. ఆ చివరి గదికీ ఈ చివరి గదికీ మధ్య సున్నా వేశాను. (ఇంత తేలిగ్గా!)

అసలు వైఫైలో అలాంటి రెండు గదులూ ముందు వింటాయి. నిశ్శబ్దమే అనుకుని ఒకేసారి మొదలుపెడతాయి. మధ్యలో రౌటరుకి ఏదీ అర్థం కాదు. ఎవరూ మర్యాద తప్పలేదు, అయినా మాట పాడైంది. "నాకు వినబడలేదు" అంటే వదిలేయొచ్చా? నేనైతే వదలను. మందు ఉంది: ముందు అడగాలి. రౌటరు "నువ్వు కానీ, మిగతావాళ్ళు ఆగండి" అంటే ఆ మాట రెండు గదులకీ చేరుతుంది. అడగడానికి కాస్త సమయం పోతుందని చాలా పరికరాల్లో దీన్ని ఆపేసి ఉంచుతారు. పైగా ఇందులో నోరు విప్పాల్సింది నష్టపోయే రౌటరే. ఎదుటి గది గొంతు మాత్రం ఈ గదికి ఇప్పటికీ వినబడదు.