ఎత్తడమా, లేపడమా?

మూటను ఎత్తుతాం, మనిషిని లేపుతాం. కన్నడంలో ‘ఎత్తు’, ‘ఎబ్బిసు’ అని, తమిళంలో ‘తూక్కు’, ‘ఎళుప్పు’ అని ఇలాంటి తేడాయే ఉంది. మూడు భాషల నడుమ బతికే మా హోసూరువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అయినా ఇంట్లో ఒకరు మంచం పట్టారంటే మాటలో ఉన్న ఆ తేడా చేతల్లో కనబడదు. ఇద్దరు చేరి, చంకల కింద చేతులు వేసి, బియ్యం బస్తాను దించినట్టు కుర్చీలో దించుతారు.

పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన మా అత్తగారిని నాలుగేళ్లుగా చూసుకుంటున్నాను. కుర్చీని ఆమెకు బలమున్న పక్కన, మంచానికి ఆనించి పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేయాలి. ఆమె పాదాలు నేలకు ఆనాలి. చచ్చుబడిన చేతిని పట్టిగానీ, చంక కింద పట్టిగానీ లాగకూడదు, భుజం కీలు జారవచ్చు. మనం నడుము కాక మోకాళ్లు వంచాలి. ‘మూడు’ అనగానే ఆమె ముందుకు వంగి లేవాలి, మనం ఊతమివ్వాలి. ఈ పద్ధతిలో ఆమె పాలు లేకపోతే పని జరగదు. అందుకే ‘అత్తయ్యా, లేద్దామా?’ అని అడగడం ఉత్త మర్యాద కాదు, పనిలో మొదటి మెట్టు.

మరి ఆమె ‘ఇప్పుడొద్దమ్మా, పడుకోనీ’ అంటే? చిక్కంతా ఇక్కడే. ఒకే పక్కన పడుకుంటే ఒత్తిడి తగిలిన చోట రక్తం ఆడక పుండ్లు పడతాయి. రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఆమె మేలు కోసమే కదా అని బలవంతంగా తిప్పేయవచ్చునా?

కూడదనే నా అభిప్రాయం. కాళ్లు పడిపోయినంత మాత్రాన ‘వద్దు’ అనే హక్కు పడిపోదు. అలాగని సరేనని తప్పుకోవడమూ న్యాయం కాదు. తిప్పకపోతే ఏమవుతుందో చెబుతాను. ఇప్పుడా, పది నిమిషాలాగా, ఏ పక్కకు, దిండు ఎక్కడ అని అడుగుతాను. చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని రోజున కాసేపాగి మళ్లీ వెళ్లి అడుగుతాను. దీనికి ఓపిక కావాలి, పొయ్యి మీద కూర మాడవచ్చు కూడా.

మాట, తెలివి పోయినవారి సంగతేమిటని ఒకరు నన్నడిగారు. వారినైనా తాకే ముందు చెప్పాలంటాను. చెప్పకుండా పట్టుకుంటే ఉలిక్కిపడి బిగుసుకుంటారు, ఇద్దరూ పడే ప్రమాదముంది. పైగా ఆ మాట వారికి అందకపోయినా మన చెవిన పడుతుంది. చేతుల్లో ఉన్నది మూట కాదని మనమూ రోజూ వినాలి.