ఎరుగక చేసిన కీడు

చేసినవాడు కీడు తలపెట్టలేదు. కీడు మాత్రము జరిగినది. అట్టిచో అపరాధమెవరిది? ప్రశ్న ప్రాచీనమైనదే గాని, నేడది సముద్రగర్భమునుండి మరల వినవచ్చుచున్నది.

రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ, మన్నార్ సింధుశాఖలో, పగడపు దిబ్బలు ఆవరించిన ద్వీపములు 21 ఉండెడివి. వానిలో రెండు నేడు నీట మునిగియున్నవి. సున్నమునకును కట్టడములకును దశాబ్దముల తరబడి పగడపు రాతిని త్రవ్వి కొనిపోవుట ఇందులకు ముఖ్యకారణము. 1986లో ఆ ప్రాంతము జాతీయ సముద్ర వనమైనది. 2001లో పగడములకు వన్యప్రాణి సంరక్షణ చట్టము అండ లభించినది. త్రవ్వినవాని చేతిలో గునపము కలదు. కనుక చట్టము ఆ చేతిని పట్టుకొనగలిగినది.

ప్లాస్టిక్కు సంచిని పారవేసిన చేతిని పట్టుకొనునదెవరు? ఎక్కడో మెట్ట గ్రామపు కాలువలో పడిన సంచి నదిని చేరును. నది సముద్రమును చేరును. పగడము రాయివలె కనబడు ప్రాణి. దాని దేహమున సూక్ష్మమైన నాచు నివసించుచు, సూర్యరశ్మితో ఆహారము సమకూర్చి, తనకు చోటిచ్చినదానికి పంచియిచ్చును. సంచి కప్పినచోట వెలుతురు తగ్గును, ప్రాణవాయువు తగ్గును. దాని రాపిడికి మెత్తని దేహము చీలును. ఆ గాయమున రోగక్రిములు ప్రవేశించును. ఆసియా-పసిఫిక్ ప్రాంతమున 159 దిబ్బలను పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ప్లాస్టిక్కు తగులని పగడమునకు రోగము సోకు అవకాశము నూటికి 4, తగిలినదానికి 89. తెగిన నైలాను వలయు అట్టిదే. యజమాని దానిని మరచినను అది తన పని మరువదు. పగడపు కొమ్మలను విరుచుచు, చేపలను పట్టుచునే యుండును.

ఎరుగనివానిని లోకము క్షమించును. ఆ క్షమ న్యాయమే. అయితే ఎరుగకపోవుట వేరు, ఎరుగగోరకపోవుట వేరు. తెలిసిన మరునాడు మొదటిది రెండవదిగా మారును.

అట్లని అందరి బాధ్యతయు సమానమనుట సత్యము కాదు. ఏ పూటకా పూట చిన్న పొట్లములో నూనె కొనెడి పేదరాలికి వేరు దారి లేదు. వల తెగిన జాలరి తానును నష్టపోయినవాడే. ఆ నూనెను దేనిలో పోసి అమ్మవలెనో నిర్ణయించువానికి దారులనేకములు. 2022 జూలై 1 నుండి భారత ప్రభుత్వము ఒకమారు వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్కు వస్తువులను నిషేధించినది; నూనె పొట్లము ఆ జాబితాలో లేదు. ఎంచుకొనగల శక్తి ఎంతయో బాధ్యతయు అంతయే.

పగడము న్యాయస్థానమునకు రాలేదు. దాని పక్షమున అడుగవలసినవారు మనుష్యులే. సంజాయిషీ చెప్పవలసినవారును వారే.