మంచు సిలువ – కరగని సిలువ

వాక్యభాగములు: కీర్తన 121:1, 2, రెండవ రాజులు 18:1–4, గలతీయులకు 6:14





కొండను చూచినప్పుడు మనిషి మాట తగ్గును. ఊరిలో పెద్దవాడైనను కొండ యెదుట చిన్నవాడగును. 121వ కీర్తన పాడిన భక్తుడు యాత్రలో నడచుచు, తల యెత్తి కొండలను చూచి, తనకు సహాయము ఎక్కడనుండి వచ్చునని తన్ను తానే ప్రశ్నించుకొనెను. ఆయనకు దొరికిన జవాబు ఏ కొండ పేరును కాదు, కొండలను చేసిన ప్రభువు పేరు. ఈ తేడాను గ్రహించుటకు ఒక కొండను గూర్చియు, ఒక ఫోటోను గూర్చియు మీతో చెప్పగోరుచున్నాను.

అమెరికా దేశములో కొలరాడో రాష్ట్రమున పదునాలుగు వేల అడుగులకు మించిన ఒక శిఖరము కలదు. దాని ఈశాన్యపు ముఖమున రాతిలో నిలువుగా ఒక లోతైన చీలిక, దానికి అడ్డముగా మరియొకటి ఉన్నవి. చలికాలపు మంచు ఎండకాలములో చుట్టుప్రక్కల కరగిపోయినను ఆ చీలికలలో కొంతకాలము నిలిచియుండును. అప్పుడు నల్లని బండ మీద వెయ్యి అడుగులకు పైబడిన తెల్లని సిలువ కనబడును. అందుచేత దానికి పరిశుద్ధ సిలువ పర్వతమని పేరు వచ్చినది.

1873వ సంవత్సరములో విలియం హెన్రీ జాక్సన్ అను ఫోటోగ్రాఫరు ప్రభుత్వ సర్వే బృందముతో అక్కడికి వెళ్లెను. రెండేండ్లకు ముందు, 1871లో, ఆయన ఎల్లోస్టోన్ ప్రాంతమున తీసిన ఫోటోలను అమెరికా చట్టసభ సభ్యులు చూచిరి. 1872 మార్చి 1న ఆ ప్రాంతము మొదటి జాతీయ వనముగా కాపాడబడుటకు అవి తోడ్పడెను. ఒక మంచి ఫోటో, తాము చూడని అడవిని సహితము ప్రేమించునట్లు మనుష్యులను చేయగలదు.

ఆ దినములలో ఫోటో తీయుట సులభము కాదు. గాజు పలకకు మందు పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. పెద్ద కెమెరా, గాజు పలకలు, మందు సీసాలు, గుడారము అన్నియు కొండకు చేర్చవలెను. కంచరగాడిదలు ఎక్కలేని చోట మనుష్యులే వాటిని వీపుల మీద మోసిరి. సిలువ శిఖరమునకు ఎదురుగానున్న మరియొక కొండను జాక్సన్ ముందుగా ఎక్కి, మేఘముల సందున ఆ సిలువను చూచెను. కాని సామాను వచ్చువేళకు ఫోటో తీయు సమయము దాటిపోయెను. ఆ రాత్రి వారు ఆహారమును కంబళ్లును లేక చలిమంట యొద్ద గడపిరి. మరునాడు, ఆగస్టు 24న, మరల ఎక్కి, మంచు కరగిన నీటితో పలకలు కడిగి ఫోటోలు తీసిరి.

ఈ సంగతినుండి మనము మూడు పాఠములు నేర్చుకొందము.

మొదటిది, ఒకరు మోసినందున అనేకులు చూచిరి. కొండ ఎక్కలేని వృద్ధులును రోగులును ఆ ఫోటోలో సిలువను చూచిరి. లాంగ్‌ఫెలో అను కవి భార్య 1861లో అగ్ని ప్రమాదములో మరణించెను. పదునెనిమిది ఏండ్ల తరువాత, 1879లో, ఆ పర్వతపు చిత్రము చూచి, తన దుఃఖమును ఆ కరగని మంచుతో పోల్చి ఆయన ఒక పద్యము వ్రాసెను. ఆయన కొండ దగ్గరకు వెళ్లలేదు. ఎవరో మోసిన బరువు ఆయన యింటిలో ఆదరణ అయ్యెను. మన సంఘములును అట్లే కలిగినవి. సొంత ఊరు విడిచి బళ్లారికో, షోలాపూరుకో, బరంపురమునకో, మద్రాసుకో పనికొరకు వచ్చిన మన పెద్దలు మూటలో బైబిలును పాటల పుస్తకమును మోసికొని వచ్చిరి. వారు మోసినందున మనము చూచితిమి. మన పిల్లలు చూచుటకు మనము ఏమి మోయుచున్నాము?

రెండవది, సిలువ కనబడుటకు నిలువవలసిన చోట నిలువవలెను. ఆ యాత్రలోనే సర్వేవారు కొందరు సిలువ శిఖరము మీదికే ఎక్కిరి. వారు ఎక్కినది ఎత్తైన కొండయే, సిలువ వారి పాదముల క్రిందనే యున్నది. అయినను ఎదుటి కొండ మీదివానికి కనబడినట్లు అది వారికి కనబడదు. సహోదరులారా, సంఘములో ఉన్నత స్థానమున నిలిచి, కమిటీలోను కానుకల పట్టీలోను పేరు కలిగియుండి, సిలువను చూడనివారు ఉండవచ్చును. సిలువను త్రొక్కి నిలిచినవానికి అది రాళ్లును మంచును మాత్రమే. ఎదుట తలవంచి నిలిచినవానికే అది సిలువ.

ఇంకొక మాట. థామస్ మోరాన్ అను చిత్రకారుడు 1874లో ఆ పర్వతమును చూచి, 1875లో గొప్ప వర్ణచిత్రము వేసెను. అందులో ముందుభాగమున అందమైన సెలయేరు పారుచుండును. అయితే ఆ యేటి యొద్ద నిలిచినవానికి సిలువ అట్లు కనబడదు. ఆయన రెండు చోట్ల చూచినవాటిని ఒక్కటిగా కూర్చెను. చిత్రకారునికి ఆ స్వేచ్ఛ కలదు. సాక్షికి ఆ స్వేచ్ఛ లేదు. మన సాక్ష్యములో లేని సెలయేళ్లు కలుపవద్దు. ప్రభువు చేసినదే చెప్పుదము, అది చాలును.

మూడవది, గురుతు కరగును, ప్రభువు నిలుచును. ఆ పర్వతమునకు వేలాదిమంది యాత్రగా వెళ్లసాగిరి. 1929లో అధ్యక్షుడు హూవర్ దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1930ల దశకములో కొందరు రోగులు, స్వస్థత కలుగునని, తమ చేతిరుమాళ్లను అక్కడికి పంపిరి. కాని బండ పెళ్లలు విరిగి సిలువ యొక్క ఒక చేయి చెడిపోయెను. రానురాను యాత్రికులు తగ్గిరి. 1950లో ఆ స్మారక హోదా తీసివేయబడెను. కొండ నేటికిని ఉన్నది. ఏటేట మంచు పడుచున్నది, కరగుచున్నది.

మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞచేత కలిగినదే, అనేకుల ప్రాణము కాపాడినదే. అయినను జనులు దానికి ధూపము వేసినప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టెను. దేవుడిచ్చిన గురుతు సహితము దేవుని స్థానమున కూర్చుండరాదు. పౌలు అతిశయించినది సిలువ ఆకారమునందు కాదు, దాని మీద మనకొరకు ప్రాణము పెట్టిన ప్రభువునందు.

మనకును ఒక కొండ కలదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారును కొద్దిమంది విశ్వాసులును ఒంగోలు కొండ మీద మోకరించి, ఆ పట్టణమునకు ఒక సేవకుని పంపుమని వేడుకొనిరి. అప్పటికి ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో ఆలోచించుచుండిరి. జవాబు పండ్రెండేండ్లు ఆలస్యమాయెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి.

ఆ ప్రార్థన కొండ ఫోటో మనలో కొందరి యిండ్లలో గోడ మీద ఉండవచ్చును. అది మంచిదే. అయితే పరాయి రాష్ట్రమున పుట్టి, బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో చదువుకొను మన మనుమలకు ఆ ఫోటో వట్టి కొండగానే కనబడును. ఫోటోలో మోకాళ్లు కనబడవు, కన్నీళ్లు కనబడవు. వాటిని వారు మన యింటిలోనే చూడవలెను. తాతయ్య తెల్లవారుజామున మోకరించుట చూచిన బిడ్డకు ఆ కొండ అర్థమగును. చూడని బిడ్డకు ఎంత పెద్ద ఫోటో కట్టించినను అర్థము కాదు.

సెలవులలో పిల్లలను ఒంగోలు తీసికొని వెళ్లుడి, కొండ ఎక్కించుడి, ఫోటో తీయుడి. కాని తీయకముందు అక్కడ వారితో కూడ మోకరించుడి. వెళ్లలేనివారు దిగులుపడవద్దు. సమరయ స్త్రీతో ప్రభువు చెప్పినట్లు, ఆరాధన ఈ కొండకో ఆ కొండకో కట్టుబడినది కాదు. మీరున్న వీధియే, మీ అద్దె యింటి వసారాయే ప్రార్థన కొండ కాగలదు.

ఎండకు కరగని, కాలమునకు విరగని ఆ సిలువను మన బిడ్డలకు చూపించు కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.