అమ్మేవాడి మౌనం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకుని, తార్నాకకు దగ్గరగా ఉన్న మాణికేశ్వర్ నగర్‌ను జనం వడ్డెర బస్తీ అని కూడా అంటారు. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెరల తరతరాల వృత్తి. 2017 నవంబరులో తార్నాకకు మెట్రో రైలు వచ్చింది. ఇలాంటి చోట్ల చిన్న ఇళ్ల మధ్య అపార్ట్‌మెంట్లు లేస్తాయి, ధరలు పెరుగుతాయి.

ఇక్కడ ఒక కొత్త ఫ్లాటు అమ్మకానికి వచ్చిందనుకుందాం. అమ్మేవారు “తార్నాక, మెట్రోకు దగ్గర” అంటారే గాని బస్తీ పేరెత్తరు. వేసవిలో బోరు ఎండిపోతుందనీ, పై అంతస్తుకు అనుమతి లేదనీ కూడా చెప్పరు. ఈ రెండు మౌనాలూ ఒకటేనా?

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) మందలించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. గమనించండి, ఆ వర్తకుడు నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. లోపాన్ని కిందికి నెట్టాడు, అంతే!

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వర్తకులు. లోపమున్న ఒక వస్త్రాన్ని చూపి, ఆ సంగతి చెప్పి మరీ అమ్మమని తమ భాగస్వామికి చెప్పారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేసేశారు.

“కొనేవాడే చూసుకోవాలి కదా!” అని కొందరంటారు. కంటికి కనిపించేది చూసుకోగలడు. ప్లాస్టరు వెనక ఉన్న పగులును ఎలా చూస్తాడు? భార్య నగలమ్మి, ఏళ్ల తరబడి కూడబెట్టి ఇల్లు కొనే సామాన్యుడు అమ్మేవాడి మాటనే నమ్ముకుంటాడు. పైగా ఉస్మానియా భూముల సరిహద్దులపై ఏళ్లుగా వివాదాలు నడిచాయి. కనుక ఆ చుట్టుపక్కల స్థలం కాగితాలు మరింత స్పష్టంగా చూపవలసిన బాధ్యత అమ్మేవాడిదే. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందన్న ప్రవక్త (స) హెచ్చరికను మరువరాదు.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, స్వాధీనపరిచిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. కాని స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఇరుకు సందుల్లోని కట్టడాలు ఎన్నో ఇలాంటివే. చట్టం చూపు చేరని చోట కూడా అల్లాహ్ చూస్తూనే ఉంటాడు.

ఇక బస్తీ సంగతి. వర్తకుల ఆనవాయితీలో ధర తగ్గించేదే లోపమని మన ఫిఖహ్ పండితులు నిర్వచించారు. అలాగైతే పేదల ఇరుగుపొరుగు కూడా లోపమేనా? కానే కాదు. ఆ మాట అమ్మే వస్తువులో దాగి ఉన్న లోపం గురించి. పక్కింటి మనిషి వస్తువూ కాడు, దాగీ లేడు. అతని పేదరికాన్ని “లోపం”గా కొనేవారికి చెప్పుకోనవసరం లేదు. అయితే స్థలం పేరు మార్చి చెప్పడం మాత్రం అబద్ధమే. ఉన్న ఊరిని ఉన్న పేరుతోనే చెప్పాలి, సిగ్గుపడకుండా చెప్పాలి.

కొనేవారికీ ఒక మాట. పొరుగువారి హక్కుల గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, వారిని వారసులుగా కూడా చేస్తారేమోనని ప్రవక్త (స)కు అనిపించింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగువారికి పంపారా అని మరీ మరీ అడిగారు. అపార్ట్‌మెంటు గేటు మూసుకున్నంత మాత్రాన బస్తీవారు మన పొరుగువారు కాకుండా పోరు. ఆ బోరు నీటిలో, ఆ మురుగు కాలువలో, ఆ సందు దారిలో వారికీ మనకూ పొత్తు ఉంది.

అమ్మేవారు, కొనేవారు నిజం పలికి లోపాలు విప్పి చెప్పుకుంటే ఆ వ్యాపారంలో బర్కత్ ఉంటుందనీ, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ ప్రవక్త (స) తెలిపారు. నాలుగు లక్షలు తగ్గినా బర్కత్ ఉన్న సొమ్మే మన పిల్లల నోటికి చేరాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.