మోకాళ్ళతో ఎత్తు



ఉద్దానంలో కొబ్బరితోటల పక్కగా సాయంకాలం నడచి వెళ్ళేవారికి వాలీబాల్ చప్పుడు కొత్త కాదు. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో విలియం మోర్గాన్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించారు. కాస్త చదును నేల, ఒక వల, ఒక బంతి ఉంటే చాలు గనుక మన పల్లెల్లో ఇది స్థిరపడిపోయింది.

మొన్న ఒక పల్లెలో దివ్యపూజ ముగించుకొని వస్తూ ఆట చూద్దామని ఆగాను. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు కొత్తగా దిగాడు. బంతి తనమీదికి రాగానే రెండు చేతులూ విసురుగా ఊపాడు. అది వెనక తోటలో పడింది. అందరూ నవ్వారు. మరోసారి వచ్చింది, మరోసారి తోటలో పడింది. “నాకు రాదు మావయ్యా, ఎల్లిపోతాను” అన్నాడు.

ఆ మావయ్య అతణ్ణి చెయ్యి పట్టుకొని ఆటస్థలం దాటించి, అవతల చెట్ల కిందికి తీసుకుపోయాడు. “కొట్టకురా, కాసుకో. చేతుల్తో కాదు, మోకాళ్ళతో ఎత్తు” అన్నాడు. చేతులు జోడించి, మోచేతులు వంచకుండా చాచి, మణికట్టుకు పైన ముంజేతుల మీద బంతిని తీసుకోవాలి. చేతులు పలకలాగా కదలకుండా ఉండాలి. వంగిన మోకాళ్ళు లేస్తుంటే బంతి దానంతట అదే లేస్తుంది. మనది కోడి రామ్మూర్తి నాయుడుగారి గడ్డ, బలమంటే మనకు మోజు. కాని పావుకిలో దాటిన ఆ కాస్త బంతి దగ్గర బలం చూపితే పని చెడుతుంది.

మావయ్య నాలుగడుగుల దూరం నుండి మెల్లగా వేశాడు. తప్పింది. మళ్ళీ అంతే మెల్లగా వేశాడు. ఎన్నిసార్లు వేశాడో నేను లెక్కపెట్టలేదు గాని, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నాకు పునీత మార్కుగారి సువిశేషం, ఎనిమిదో అధ్యాయం గుర్తుకొచ్చింది. బేత్సయిదాలో ప్రభువు గ్రుడ్డివానిని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలకు తీసుకొనిపోయారు. మొదట తాకినప్పుడు వానికి మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. ఇంకా సరిగా కనబడలేదని ప్రభువు వానిని మందలించలేదు. మళ్ళీ చేతులుంచారు. ఒక్కమాటతో స్వస్థపరచగలిగిన ప్రభువు ఇక్కడ రెండుసార్లు తాకడం ఊరకే జరిగిందని నేననుకోను.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. కొంతకాలం క్రితం ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతున్న పిల్లల్లో ఒకడు విశ్వాస సంగ్రహం మధ్యలో తడబడ్డాడు. “ఇన్నాళ్ళకు ఇదేనా నేర్చుకున్నది?” అన్నాను. తక్కిన పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు గాని, వారిని ఆపనూ లేదు. మరుసటి ఆదివారం వాడు జ్ఞానోపదేశానికి రాలేదు. ఆ తరువాతా రాలేదు. బద్ధకమని ఉపదేశిగారితో అన్నాను. నేను ఆ పిల్లవాడికి బంతి గట్టిగా కొట్టాను. వాణ్ణి పక్కకు తీసుకుపోయి మెల్లగా వేయలేదు.

ఆ సాయంకాలం చీకటి పడుతుండగా మావయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు. పిల్లవాడి ముంజేతులు ఎర్రగా కందిపోయాయి. బంతి పైకి లేచి, మావయ్య చేతుల్లోనే పడింది. “ఇంకొక్కటెయ్ మావయ్యా” అన్నాడు.

ఈ ఆదివారం పూజ తరువాత నేను ఆ మొదటి పిల్లవాడి ఇంటికి వెళుతున్నాను. క్షమించమని అడుగుతాను. ఒప్పుకుంటే వాళ్ళ అరుగుమీదనే కూర్చొని, ఒక్కొక్క వాక్యంగా మళ్ళీ మొదలుపెడతాం. మీ జపాల్లో మా ఇద్దరినీ తలచుకోండి.