సీతమ్మకు పెట్టిన అర్జీ

మొన్న శనివారం చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుళ్లో నా ముందున్న కుర్రాడు ప్లాస్టిక్ కవరులోంచి హాల్‌టికెట్ తీసి పూజారి చేతికిచ్చాడు. స్వామి పాదాల దగ్గర పెట్టి, తులసిదళంతో కలిపి తిరిగిచ్చారు. అంచున కుంకుమ అంటింది. కళ్లకద్దుకుని, నలగకుండా మళ్లీ కవరులో దాచుకున్నాడు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో, నారాయణగూడ ఇరుకు గదుల్లో ఇలాంటి పిల్లలు ఎందరో! కొలువు కోసం వాళ్లు పడే తపనను ఎవరైనా చిన్నచూపు చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

వాళ్లు చదివే తెలంగాణ చరిత్రలో అక్కన్న మాదన్నల పాఠం ఉంటుంది. నాకు ఆ పాఠంలో సయ్యద్ ముజఫర్ పేరు దగ్గరే చూపు ఆగిపోతుంది. 1672లో అబుల్ హసన్ తానీషాను గోల్కొండ గద్దెనెక్కించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి అయ్యాడు. హనుమకొండ నుంచి వచ్చిన మాదన్న ఆయన దగ్గర రాతకోతలు చూసే ఉద్యోగి. ముజఫర్ పెత్తనం సుల్తానుకు మింగుడుపడలేదు. మాదన్న సుల్తాను పక్షం చేరి, తన యజమాని మనుషులనే తిప్పుకున్నాడు. 1674 నాటికి ఆ కుర్చీ మాదన్నదైంది. సూర్యప్రకాశరావు బిరుదు వచ్చింది. సోదరుడు అక్కన్నకు, బంధువులకు పెద్ద పదవులు దక్కాయి. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చి తానీషాతో ఒప్పందం చేసుకున్నప్పుడు మంత్రాంగం మాదన్నదే.

సమర్థుడు, అందులో సందేహం లేదు. పాతబస్తీ హరిబౌలి మహంకాళి గుడిని ఈనాటికీ ఆ సోదరుల పేరుతోనే పిలుచుకుంటాం. కానీ ముజఫర్‌ను దించిన దారి ఆయనకు తెలిసినట్టే, ఇతరులకూ తెలుసు. 1685లో మొగలు సేన హైదరాబాద్‌ను ఆక్రమించి, ఈ సోదరులను తొలగించాలని షరతు పెట్టింది. తానీషా తాత్సారం చేశాడు. 1686లో అంతఃపుర కుట్రకు ఇద్దరూ గోల్కొండ వీధిలో బలైపోయారు. మాదన్న తలను మొగలు శిబిరానికి పంపారు. మరుసటి ఏడు గోల్కొండే పడిపోయింది.

ఆ సోదరుల మేనల్లుడు కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు. పాల్వంచ తహసీల్దారు. ఖజానా సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి ఖైదు పాలయ్యాడు. మేనమామలు అంతటి వాళ్లయినా ఆ ఖైదు తప్పలేదు. సుల్తానుకు చెప్పాల్సిన లెక్కను ఆయన కీర్తనల్లో రాముడికి చెప్పాడు. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎంతైందో వరసపెట్టి అడిగాడు. కోపంలో తిట్టాడు, వెంటనే క్షమించమని ఏడ్చాడు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ఆయన ఒక కీర్తనలో సీతమ్మకు పెట్టుకున్న అర్జీ. దర్బారు మర్యాద తెలిసినవాడు కదా, ఏలికకు మాట ఎప్పుడు, ఎవరి నోట చేరాలో ఎరుగును. స్వామి ప్రసన్నంగా ఉన్న వేళ చూసి నా సంగతి చెప్పమ్మా అని ఆ తల్లిని బతిమాలాడు. పదవుల లోకంలో నేర్చిన విద్యనంతా పట్టుకెళ్లి ఆ పాదాల దగ్గర పెట్టాడు. త్యాగరాయ గానసభలో ఆ కీర్తన విన్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

మొన్న గుళ్లో ఆ కుర్రాడు తీర్థం పుచ్చుకుని వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. అమ్మవారి ముందుకొచ్చి, కవరును గుండెకు ఆనించుకుని, పెదవులు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు.