పెట్టే చెయ్యి

దోచిన సొమ్ముతో చేసిన పుణ్యం పుణ్యమేనా? వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవల తిరగేసినప్పుడల్లా నాకీ సందేహం వస్తుంది. మా నిజామాబాదు జిల్లా పల్లెకథే అది. నిజాం కాలం నాటిది. ఊరు దిమ్మెగూడెం, దొర రామభూపాలరావు. పైకి చూస్తే దొరగారికి దైవభక్తి ఉందనే అనిపిస్తుంది. తీరా చూస్తే దేవుడి పేరు చెప్పి ఓ పేదవాడి పొలం లాక్కుంటాడు. ఇదేం న్యాయమని పూజారి ఇంట పుట్టిన కంఠీరవమే ఎదురు తిరుగుతాడు. నాకు నచ్చింది అదే. దేవుడికి దగ్గరగా మసలినవాడికే ఆ పుణ్యంలో లొసుగు కనబడింది.

ఆ రోజుల్లో వెట్టి ఉండేది. గడీకి కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, గొల్ల మేకపిల్లను తోలివ్వాలి. కూలి అడగడమే నేరం. ఇక ఆ ఊళ్ళో పేదరికం ఎక్కణ్ణుంచి వచ్చిందని వేరే వెతకాలా? దొరగారి గాదెలో ఉన్నదీ, కుమ్మరి ఇంట్లో లేనిదీ ఒకటే గింజ.

అంతకు ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ వచ్చింది. అందులో వెంకటదాసు ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. జగ్గడు దోచి పేదలకు పెట్టాడు, దొర దోచి దేవుడికి పెట్టాడు. ఇద్దరిలో దొంగ అనే పేరు ఎవరికొచ్చిందో మీకు తెలుసు!

ఆళ్వారుస్వామి గురించి ఒక్క ముక్క చెప్పాలి. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టాడు. చిన్నప్పుడు ఒక పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడు. పెద్దయ్యాక దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు తనే మోసుకెళ్ళి అమ్మాడు. ఇందూరు ఖిల్లా జైల్లో దాశరథితో కలిసి ఉన్నాడు. పరాయి ఇంటి పొయ్యి ముందు కూర్చున్నవాడు కాబట్టే, పెట్టేవాళ్ళ ముఖం కింది నుంచి ఎలా కనిపిస్తుందో ఆయనకు తెలుసనిపిస్తుంది.

ఇప్పుడు దొరలు లేరు. గడీలు చాలాచోట్ల పాడుబడ్డాయి. అయినా నా సందేహం పాతబడలేదు.

మా ముప్కాల్లో పక్కింటి వదిన చేతికి ఎముక లేదు. దసరాకు పనిమనిషికి చీర పెట్టబోయింది. ఆవిడ పొద్దున రెండిళ్ళలో అంట్లు తోమి, మధ్యాహ్నం నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తుంది. చీర అందుకోలేదు.

“చీరలున్నయమ్మా. మొన్న జరమొచ్చి నాలుగొద్దులు రాలే. ఆ పైసలు కొయ్యకుర్రి, సాలు” అంది.

వదిన ముఖం మాడిపోయింది. ఆవిడ వెళ్ళాక “పొగరు చూశావా?” అంది నాతో.

నాకు పొగరు కనిపించలేదు. నాలుగు రోజుల జీతం కంటే చీరే ఖరీదు, నిజమే. కానీ చీర వదిన దయ. జీతం ఆవిడ హక్కు. దయకు దణ్ణం పెట్టాలి, హక్కుకు అక్కర్లేదు. ఆ దణ్ణం దగ్గరే వచ్చింది చిక్కంతా.

అలాగని వదినను దొరతో పోల్చడం అన్యాయం. అన్నయ్య ఏళ్ళ తరబడి మస్కట్లో ఎండలో పని చేసి పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకున్నారు. వదిన పైసా పైసా లెక్క చూసుకునే మనిషి. ఆ పెట్టే చీర కూడా తన ఖర్చుల్లో మిగుల్చుకుని కొన్నదే.

అయితే ఒకటి. ఆమధ్య అక్కడి సేటు రెండు నెలల జీతం పట్టుకుంటే వదిన మా ఇంటికొచ్చి ఎంత ఏడ్చిందో నాకు గుర్తుంది. పండక్కి ఆ సేటే ఖర్జూరం డబ్బా ఇచ్చాడట. “ఎవడిక్కావాలి వాడి ఖర్జూరం!” అంది ఆరోజు.

ఆ మాట గుర్తు చేద్దామా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి చేశాను. వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చీర మడత పెడుతూ, “నాలుగు రోజులేనా, ఐదా వదినా అది రానిది?” అంది.